సగం రాసిన బొంత కాగితం

నా చిన్నప్పుడు మా ఇంటి అటక మీద ఒక మూట ఉండేది. దాన్ని ఎవరూ విప్పేవారు కాదు, ఎవరూ పారేసేవారు కాదు. అందులో మా అమ్మ కుట్టడం మొదలుపెట్టి, పూర్తి చేయకుండా వదిలిపోయిన బొంత ఉంది. అమ్మ పోయి అప్పటికి మూడో నెల నడుస్తోంది. నాకు తొమ్మిదేళ్ళు. నా తమ్ముడికి ఇంకా నాలుగు నెలలు నిండలేదు.

అప్పటి గోపన్‌పల్లి అంటే కాసిన్ని ఇళ్ళు, చుట్టూ బండరాళ్ళు, జొన్నచేలు, సీతాఫలం పొదలు. ఇప్పుడు నేనుంటున్న ఫ్లాటు బాల్కనీలోంచి చూస్తే గచ్చిబౌలి దాకా అద్దాల మేడలే. అప్పట్లో ఆ దిక్కున కనిపించేవి యూనివర్సిటీ కోసం కొత్తగా లేస్తున్న గోడలు మాత్రమే. మా నాయన అక్కడికి ఎడ్లబండి మీద రాయి తోలేవాడు. తెల్లారి పోతే పొద్దుగూకేదాకా వచ్చేవాడు కాదు. అమ్మ పోయాక ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. ఇంట్లో మిగిలింది మా నాయనమ్మ, నేను, పసివాడు.

బొంతలు కుట్టడంలో మా అమ్మకు చుట్టుపక్కల పేరుండేది. పాత చీరలు పొరలుగా పరిచి దారం పరుగెత్తించడం అందరికీ వచ్చు. అమ్మ కుట్టేది ముక్కల బొంత. నడుమ ఎర్రటి ముక్క ఒకటి. దాని నాలుగు పక్కలా నాలుగు పట్టీలు, వాటి చుట్టూ మళ్ళీ నాలుగు పట్టీలు. రెండు పక్కల తెల్లవి, రెండు పక్కల నల్లవి. బయటి చుట్టులో ప్రతి మూలా బొటనవేలి గోరంత ఎర్ర తునక. అదంతా కలిస్తే ఒక గడి. అలాంటి గళ్ళు తొమ్మిది కలిపితే పసిబిడ్డకు సరిపోయే బొంత. కాస్త దూరం నుంచి చూస్తే అందులో వెలుగూ నీడా మెట్లు మెట్లుగా దిగుతున్నట్టు ఉండేవి. తెలుపు మా నాయన పాత పంచెల్లోంచి వచ్చింది, నలుపూ ఎరుపూ అమ్మ చీరల్లోంచి వచ్చాయి.

తమ్ముడు కడుపులో ఉండగా అమ్మ నాలుగు గళ్ళు కుట్టింది. కాన్పు తర్వాత మంచం దిగలేదు. రక్తం బాగా పోయిందని పెద్ద దవాఖానకు తీసుకుపోతే మందులిచ్చి పంపారు. మంచం మీదే, గోడకు చేరగిలబడి, పది రోజులు తంటాలు పడి ఐదో గడి కుట్టింది. ఆ తర్వాత సూది పట్టలేకపోయింది. మిగిలిన పట్టీలు కత్తిరించే ఉన్నాయి. ఒకరోజు బడి నుంచి రాగానే నన్ను పిలిచి, తాను చెబుతుంటే కాగితం మీద రాసుకొమ్మంది. అమ్మకు అక్షరాలు రావు. ఇంట్లో రాయగలిగింది నేనొక్కదాన్నే. నేను రాశాను. ఆ తర్వాత రెండో రోజున అమ్మ పోయింది.

పోయిన కొన్నాళ్ళకు తమ్ముడు మధ్యాహ్నాలు ఏడవడం మొదలుపెట్టాడు. పాలు పట్టినా, ఊపినా ఆగేవాడు కాదు. వాడి చూపు పైకి, అటక వైపు ఉంటోందని మా నాయనమ్మ గమనించింది. ఆమె ఆ మాట ఒక సాయంత్రం నాయనతో అనడం నేను విన్నాను. "వాడు ఊకె ఏడుస్తలేడురా. తల్లి వస్తున్నది. గా బొంత మీద ఆశ పెట్టుకోని పోయింది, దాని కాడనే తిరుగుతున్నది. పిల్లగాడిని గూడ తీస్కపోతదేమో అని నాకు గుబులైతున్నది. గా మూటను చెరువుల కలిపెయ్యి." నాయన ఎడ్ల పగ్గాలు చుట్టి వంకెకు తగిలించాడు. "సోమవారం మాసికం గద, గప్పుడు కలిపేస్త" అన్నాడు.

నాయనమ్మ చెప్పింది నేను నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను? బడి నుంచి వచ్చి గడప దాటుతుంటే లోపల బట్ట చింపుతున్న చప్పుడు నాకు కూడా వినిపించేది. అమ్మ అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపేది, అచ్చం అదే చప్పుడు. లోపలికి వెళితే నులక మంచం గోడకు నిలబెట్టి ఉండేది, అంతే. అమ్మ వస్తోందని నాకు భయం లేదు. ఎందుకు వస్తోందో నాకు ఒక్కదానికే తెలుసన్నది నా భయం. బొంత పూర్తయితే ఆమె రావడం మానేస్తుందనీ, పూర్తి కాకుండా చెరువులో కలిపితే ఎప్పటికీ మానదనీ నా మనసుకు గట్టిగా తోచింది.

అది గురువారం. బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ పసివాణ్ణి వేసుకుని వీధి చివర వేపచెట్టు కింద నడుం వాల్చింది. నీళ్ళ గాబు మీదికెక్కి మూట దించాను. ఇంటి వెనక గొర్రెల దొడ్డి గోడ చాటుకు పోయి విప్పాను. కాగితం ముందు పెట్టుకుని సూది పట్టాను. కాసేపటికే వేళ్ళకు నాలుగైదు పోట్లు పడ్డాయి. ఒక్క పట్టీ కూడా నిలవలేదు.

అప్పుడే పక్కింటి అక్క బట్టలు ఆరేయడానికి వచ్చింది. ఆమె కడప వైపు మనిషి. భర్త తాపీమేస్త్రీ, యూనివర్సిటీ గోడలు కట్టే పని మీద వచ్చి మా పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆమె మాట మా ఊరికి వింతగా ఉండేది కాబట్టి ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడటం తక్కువ. చదువు రాదు గానీ కుట్టుపని వచ్చు. గోడ మీదుగా నా వేళ్ళు చూసి, "ఏం పాపా, ఏం కుడుతుండావు? సూది నిన్నే కుడుతుండాది గదా" అంది.

నేను జరిగింది చెప్పాను. సోమవారం సంగతి చెప్పాను. అంతా చెప్పాననుకుంటారు, చెప్పలేదు. ఒక్క మాట దాచుకున్నాను.

ఆమె బట్టల బుట్ట పక్కన పెట్టి గోడ దాటి వచ్చింది. "కాగితం చదువు. నువ్వు చదువుతాంటే నేను కుడతా" అంది. నేను చదవడం మొదలుపెట్టాను. ఆ కాగితంలోని ప్రతి మాటా నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. నడుమల ఎర్ర ముక్క పెట్టు. దాని మీద తెల్ల పట్టీ పెట్టు. ఎడమ దిక్కు కుట్టు. తిప్పు. జర ఆగు. మళ్ళ తిప్పు. ఇంకో తెల్ల పట్టీ పెట్టు. కుట్టు. జర ఆగు. నీళ్ళియ్యి. తిప్పు.

అక్క నేను చదివింది చదివినట్టే చేసింది. తిప్పు అంటే తిప్పింది, ఆగు అంటే ఆగింది. రెండో పట్టీ పెట్టేసరికి అది ముక్క కంటే రెండు వేళ్ళు పొడుగొచ్చింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ పొడుగే. మూడోసారి ఎలాగో సర్ది ముందుకు పోయింది. నీళ్ళియ్యి అన్న చోట తల పంకించి, "తడిపితే గుడ్డ సాగి సరిపోతాదేమో" అంటూ నా చేత చెంబుడు నీళ్ళు తెప్పించి చిలకరించింది. చూస్తుండగానే ఎర్ర ముక్క రంగు దిగి తెల్ల పట్టీ మీదికి పాకింది. నాయన పంచె గుడ్డ మీద రక్తం మరక లాగే ఉంది.

ఆ మరక చూశాక నాకు తట్టింది. బడిలో మా సారు డిక్టేషన్ చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా వదలొద్దనేవారు. నేను అమ్మ నోట వచ్చిన ప్రతి మాటనూ అలాగే వదలకుండా రాశాను. "అక్కా, గా నీళ్ళు బట్టకు గాదు" అన్నాను. "అమ్మ నన్నడిగింది. ఆమెకు దూప అయింది. జర ఆగు అన్నది గూడ కుట్టుడు ఆపమని గాదు. ఊపిరి అందక నన్ను ఆగమన్నది."

అక్క చేతిలోని చెంబు కింద పెట్టింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమని కూడా అనలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగింది. "మీ యమ్మ చెప్తాంటే నువ్వు యాడ కూర్చోని రాస్తివి?"

"అమ్మకు ఎదురుంగ."

"అట్లయితే ఆమె ఎడమ చెయ్యి నీకు కుడి గదా పాపా. నువ్వు రాసింది నీ పక్క నుంచి. గుడ్డ ఉన్నింది ఆమె పక్క. పా, ఆమె కూర్చున్న చోటికి పోదాం."

ఆ మంచాన్ని మా ఇంట్లో అమ్మ పోయాక ఎవరూ ముట్టుకోలేదు. అక్క దాన్ని గోడ దగ్గర నుంచి తీసి, అమ్మ ఉన్నప్పుడు ఎలా ఉండేదో నన్నడిగి అలాగే వాల్చింది. నన్ను ఎక్కి కూర్చోమంది. నులక అమ్మ కూర్చున్న చోట కాస్త కుంగి ఉంది. నేను అందులో ఒదిగి, గోడకు ఆనుకుని, గుడ్డ ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమా కుడీ వాటి చోటికి అవే వచ్చాయి. మొదటి పట్టీ ఏ అంచు మీద పడాలో చెయ్యి పెట్టగానే తెలిసింది.

తల ఎత్తి చూశాను. ఆ మంచం మీద నుంచి చూస్తే తెరిచిన తలుపులోంచి మా వాకిలి, వాకిలి దాటి ఎదురింటి అరుగు ముందు ఖాళీ స్థలం మొత్తం కనిపిస్తోంది. కాగితం రాసిన రోజు నేను తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాను. నా వెనక ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు, నన్ను రమ్మని పిలుస్తున్నారు. వాళ్ళు నాకు వినిపించడమే గానీ కనిపించలేదు. అమ్మకు వినిపిస్తూ, కనిపిస్తూ కూడా ఉన్నారు.

అప్పుడు దాచుకున్న మాట బయటపడింది. వెక్కుతూ చెప్పాను. మొదటి చుట్టు అయ్యేదాకా రాశాను. తర్వాత అమ్మ చెబుతూనే ఉంది, నేను రాయడం మానేశాను. రాస్తున్నట్టు పెన్సిలు కదిపాను. చివరికి అమ్మ, "రాసినవా బిడ్డా? ఏదీ, ఒక్కసారి సదివి వినిపియ్యి" అంది. "అంత మంచిగ రాసిన అమ్మా, సదివిన గూడ" అని, కాగితం మడిచి మూటలో దోపి ఆటకు పరుగెత్తాను. వెనక నుంచి అమ్మ, "పో బిడ్డా, ఆడుకో పో" అంది. ఇన్నాళ్ళూ అమ్మను మోసం చేశాననుకున్నాను. ఆ మంచం మీద కూర్చున్నాక తెలిసింది. నా మనసు ఎక్కడుందో, నేను ఎందుకు తొందరపడ్డానో ఆమెకు తెలుసు. తెలిసీ నన్ను పొమ్మంది. నేను గెంతుతూ ఆడుతుంటే ఇక్కడ కూర్చుని చూస్తూనే ఉంది. ఆమె నిజంగా మోసపోయి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదేమో.

అక్క నన్ను ఏడవనిచ్చింది. తర్వాత కాగితం చివర ఖాళీగా మిగిలిన చోటు మీద వేలు పెట్టి, "ఈడ ఏముండాదో చెప్పేదానికి మీ యమ్మ లేదు. ఆమె కుట్టిన గడి ఉండాది. దాన్నే అడుగుదాం" అంది. అడగడం అంటే విప్పడం అని నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గళ్ళు అయిదూ గుండెలకు హత్తుకుని ఇవ్వనన్నాను. అమ్మ చేత్తో వేసిన కుట్లు ప్రపంచంలో అవే. అక్క లాక్కోలేదు. "పైనుంచి చూస్తే మూలల తునకలు అగపడతాయి, అవి ఎప్పుడు కలిపిందో అగపడదు. నేను అంచనాగా కుడితే తప్పు పడతాది, ఇందాక సూస్తివి గదా. ఒక్కటి విప్పితే నాలుగు వస్తాయి. విప్పాలా వద్దా అనేది నువ్వే చెప్పల్ల" అని ఇంటికి వెళ్ళిపోయింది.

శుక్రవారం బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం గళ్ళు తీసుకుని అక్క గదికి వెళ్ళాను. ఐదోది ఇచ్చాను. అమ్మ చివరగా కుట్టింది అదే. అదే ఎందుకు ఇచ్చానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అన్నిటికంటే వంకరగా ఉందని అక్కతో అన్నాను.

అక్క నన్నే విప్పమంది. సూది మొనతో ఒక్కో కుట్టూ లేపి, దారం తెగకుండా లాగాలి. ఒక పట్టీ ఊడి వచ్చిన ప్రతిసారీ ఆగి, ఏం ఊడిందో, అది దేనికి అతికి ఉందో రాయాలి. "చివర చేసింది ముందు ఊడుతాది. కాబట్టి కింది నుంచి పైకి రాసుకుంటా పో. కుట్టేటప్పుడు పైనుంచి చదువుకుందువు" అంది. నేను ఆ కాగితం అడుగున మిగిలిన ఖాళీలో మొదలుపెట్టాను. మూల తునకల సంగతి అప్పుడే తేలింది. వాటిని చివర్లో అతికించలేదు. పట్టీ కుట్టకముందే దాని కొసకు తునకను కలిపి, ఆ తర్వాత రెండింటినీ ఒక్క బారుగా గడికి కుట్టింది అమ్మ. "తునకను ముందుగాల పట్టీకి అతుకు" అన్న ఆమె మాట నా చెవిలో ఉన్నట్టుండి మోగింది. చెప్పింది. నిజంగానే చెప్పింది. నేను ఆ మాట విన్నాను కూడా.

ఇంకో సంగతి కూడా ఆ గడి చెప్పింది. దాన్ని మేము అడగలేదు. బయటి చుట్టులో కుట్లు పొడుగ్గా, ఒకదానికొకటి దూరంగా, తూలుతూ నడిచినవాళ్ళ అడుగుల్లా ఉన్నాయి. ఒక పట్టీ లోపలికి వెళ్ళేసరికి కాస్త దగ్గరయ్యాయి. ఇంకో పట్టీ. ఇంకా దగ్గర. లోపలి చుట్టుకు వచ్చేసరికి నూకగింజల్లా సన్నగా, సమంగా ఉన్నాయి. అమ్మ నడుమ నుంచి బయటికి కుట్టింది. నేను బయటి నుంచి నడుమకు విప్పుతున్నాను. ఒక్కో కుట్టూ తీస్తుంటే నా చేతుల్లో అమ్మకు జబ్బు తగ్గుతూ వస్తోంది. ఇంకాస్త విప్పితే లేచి కూర్చుంటుంది, ఇంకాస్త విప్పితే నడుస్తుంది అనిపించింది. చివరి పట్టీ ఊడాక నా అరచేతిలో ఎర్ర ముక్క ఒక్కటే మిగిలింది. విప్పడానికి ఇంకేం లేదు. అక్క చూపు తిప్పుకుంది.

శనివారం అక్క ఆ రాతను నా చేత బిగ్గరగా చదివించుకుని, ఆరో గడి మొదలుపెట్టి పూర్తి చేసింది. సరిగ్గా వచ్చింది. నేను సంబరపడ్డాను. ఆమె పడలేదు. "నాకు దావ తెలిసిపోయింది పాపా. ఇప్పుడు నువ్వు తప్పు చదివినా నా చెయ్యి ఒప్పే కుడతాది. ఏమీ తెలీని వాళ్ళ చేత కుట్టించు. వాళ్ళు యాడ ఆగిపోతారో ఆడ నీ మాట బాగలేదని అర్థం" అంది. అప్పుడే కొత్త కాగితం మాట కూడా తెచ్చింది. అందులో కుట్టుకు పనికొచ్చే మాటలే ఉండాలట. జర ఆగు, నీళ్ళియ్యి అన్న మాటలు కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. "దాన్ని కొట్టేయొద్దు. కుట్టేదానికి ఒక కాగితం రాద్దాం. అది మీ యమ్మ కాగితం, అట్లే దాచిపెట్టుకో" అంది అక్క.

ఏమీ తెలియనివాళ్ళంటే మా ఇంట్లో నాయనమ్మే. ఆదివారం ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తుంటే కొత్త కాగితం, పట్టీలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. మూట దించానని తెలియగానే ఆమె మొహం పాలిపోయింది. "పిల్లగాడు ఉన్న ఇంట్ల గది విప్పినవా? నీకేమన్న సోయి ఉన్నదా?" అని అరిచింది. నేను పాత కాగితం తీశాను. మొదటి నుంచి అమ్మ చెప్పినంతవరకూ, జర ఆగుతో, నీళ్ళియ్యితో సహా, ఎక్కడా ఆగకుండా చదివాను. ఆ మాటలు అమ్మవే. వాటిని వినని వాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు. నాయనమ్మ పెనం దించింది. చేతి పిండి కొంగుకు తుడుచుకుంది. "ఇటు తే" అంది.

నేను ఎదురుగా కూర్చోబోయి ఆగి, ఆమె పక్కకు వెళ్ళి కూర్చున్నాను. కొత్త కాగితం చదివాను. రెండో మాటకే ఆమె ఆగిపోయింది. "తిప్పు అంటే ఎట్ల తిప్పాలె? ఇసుర్రాయి తిప్పినట్టా, రొట్టె తిప్పినట్టా?" అని విసుక్కుంది.

ఆ ప్రశ్నతో మొత్తం చిక్కు విడిపోయింది. అమ్మ ఒకే మాటతో రెండు పనులు చెప్పింది. పట్టీ కుట్టాక దాన్ని రొట్టెలా తిరగేయాలి. తర్వాత గడి మొత్తాన్ని ఇసుర్రాయిలా పావు చుట్టు తిప్పాలి. ఆమె చేతులకు ఆ తేడా తెలుసు కాబట్టి మాటకు తెలియాల్సిన అవసరం రాలేదు. అక్కడికక్కడే పెన్సిలు తడిచేసి మార్చాను. ఎడమ అన్నచోట సూది పట్టని చెయ్యి అని మార్చాను, ఎందుకంటే నాయనమ్మ ఎడమా కుడీ ఎప్పుడూ తారుమారు చేసేది. మరి రెండు చోట్ల ఆమె ఆగింది, అవీ మార్చాను. పొద్దువాలేసరికి ఏడో గడి ఆమె ఒళ్ళో తయారైంది. దాన్ని ఎత్తి వెలుగుకు పెట్టి చూసి, "గిది నా కోడలి చెయ్యే" అంది. దాన్ని ఒళ్ళోనే ఉంచుకుని మళ్ళీ పెనం ఎక్కించింది.

సోమవారం మాసికం జరిగింది. నాయన మూట కోసం అటక వైపు చూస్తే, నాయనమ్మ, "అది చెరువుల కలిపేటిది గాదు" అని గళ్ళు తెచ్చి ముందు పెట్టింది. నాయన గళ్ళన్నిటినీ చాప మీద పరిచి ఒక్కొక్కటే తడిమాడు. ఏవి అమ్మవో ఆయన చేతికి తెలిసిపోయింది. వాటి మీద చెయ్యి ఎక్కువసేపు ఆగింది.

విప్పిన ఐదో గడిని నేనే కుట్టాను. అది చివరిదాకా వంకరగానే ఉంది. మిగిలిన రెండూ నాయనమ్మా అక్కా చెరొకటి కుట్టారు. బొంతలో అమ్మవి నాలుగు గళ్ళు, మావి అయిదు. తమ్ముడు నడకొచ్చేదాకా దాని మీదే పడుకున్నాడు. మధ్యాహ్నాలు ఏడవడం మానేశాడా అని అడుగుతారేమో. వెంటనే మానలేదు. మరో రెండు నెలలు ఏడ్చి, మిగతా పిల్లల్లాగే తనంత తానే మానుకున్నాడు. నాయనమ్మ మాత్రం కోడలు నెమ్మదించి వెళ్ళిపోయిందని గట్టిగా నమ్మింది. నేను ఆమెతో వాదించలేదు. నాకు బట్ట చింపే చప్పుడు ఆ తర్వాత కూడా చాలాకాలం వినిపించింది. అయితే విన్నప్పుడు గడప దగ్గర ఆగిపోవడం మానేశాను. లోపలికి వెళ్ళేదాన్ని.

పక్కింటి అక్క ఆ ఏడు ఎండలు ముదిరేలోపే వెళ్ళిపోయింది. గోడల పని అయిపోయింది, మేస్త్రీలు ఇంకో ఊరికి మారారు. నేను బడిలో ఉండగా సామాను సర్దుకుని పోయారు. ఆమెను మళ్ళీ చూడలేదు. తమ్ముడు ఇప్పుడు మదీనాగూడలో ఉంటాడు, వాడికీ మనవలు వచ్చే వయసైంది. ఆ బొంత అంతా అమ్మే కుట్టిందని వాడి నమ్మకం. ఇన్నేళ్ళలో నేను కాదని చెప్పలేదు. కాగితం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కుట్టుపని నేర్పి బతికాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో కర్నూలు అమ్మాయి ఒకతె ఉంది. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు తన చేత్తోనే బొంత కుట్టాలని కోరిక. ఫోనులో ఏవో కొలతలు, బాణం గుర్తులు చూసి తికమకపడి, పోయిన ఆదివారం పట్టీలన్నీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను చెప్పేది ఫోనులో వీడియో తీసుకుంటానని, "ఆంటీ, మీరు ఎదురుగా కూర్చోండి, బాగా కనిపిస్తారు" అంది. నేను వెళ్ళి ఆమె పక్కన, ఆమె చూసే వైపే చూస్తూ కూర్చున్నాను. మూడు పట్టీలు పడ్డాయి. తునకను ముందే అతకాలని చెప్పాను. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను మోగింది. "అర్థమైంది ఆంటీ, మిగతాది నేను చూసుకుంటా" అంటూ లేవబోయింది.

"పోదువుగాని తల్లీ. ఏదీ, ఒక్కసారి నాకు చెప్పి పో" అన్నాను.

ఆమె నవ్వి, ఫోను ఆపి, మొదటి ముక్క నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి ఏది నేర్పినా నేను ఇలాగే అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. అడగకుండా మాత్రం ఎవరినీ పోనివ్వను. వాళ్ళు చివరి మాట దాకా చెప్పడం పూర్తయ్యేవరకూ అక్కడి నుంచి కదలను.